శుభ్రం చేసిన పెరడు

నవంబరు 9, శనివారం

వదినగారికి నమస్కారాలు.

మీరిచ్చిన గుత్తిలో పదకొండు తాళంచెవులున్నాయి. ఏది వీధి తలుపుదో చెప్పలేదు. ముప్పావుగంట చలిలో నిలబడి ఒక్కొక్కటీ పెట్టి చూస్తుంటే ఎదురింటాయన కిటికీ తెర తొలగించి నన్ను దొంగని చూసినట్టు చూశాడు. చివరికి తొమ్మిదోది పట్టింది.

ఆసుపత్రివాళ్ళు "రోగికి దగ్గరి బంధువు" అన్న గడిలో నా పేరుందని ఉత్తరం రాసినప్పుడు ఒకటికి నాలుగుసార్లు చదువుకున్నాను. అన్నయ్య పోయిన ఈ ఏడేళ్ళలో మీరు నాతో ఒక్క మాట మాట్లాడింది లేదు. ఆ గడిలో రాయడానికి ఇంకెవరూ లేక రాసుంటారు. పోనివ్వండి, వచ్చాను. గొంతు ఆపరేషన్ అయ్యాక రెండు రోజులు మీ మంచం పక్కనే కూర్చున్నాను. మెలకువ వచ్చి మీరు కాగితం మీద రాసింది ఒకటే ముక్క: "ఇంట్లో పొయ్యి ఆరితే కుళాయి గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి పగులుతాయి. మూడు నెలలు అక్కడ ఉండగలవా?" ఉండగలను. రిటైరైనదాన్ని, నాకోసం ఎదురుచూసేవాళ్ళు ఎక్కడా లేరు.

ఇల్లు మాత్రం, తప్పుగా అనుకోకండి, దుమ్ము కొట్టుకుపోయి ఉంది. ఆసుపత్రి లాండ్రీలో ముప్ఫై నాలుగేళ్ళు రోజుకి ఆరువందల దుప్పట్లు ఉతికించినదాన్ని, చూస్తూ ఊరుకోలేను. కర్టెన్లు ఉతికాను. వంటింటి అలమర వెనక్కి కూడా చెయ్యి పెట్టాను. ఇక్కడ ఎంత నిశ్శబ్దమంటే, మిషన్ల హోరులో అరిచి మాట్లాడే అలవాటు పోక పొయ్యితో కూడా గట్టిగానే మాట్లాడుతున్నాను. అది బదులు చెప్పదు.

రేపు ఆదివారం పెరటి పని పడతాను. అడవిలా ఉంది.

మీ ఆడపడుచు


నవంబరు 13

చిట్టీ,

అరవై ఒకటో ఏట ఈ పేరు నామోషీ అయితే చెప్పు, మానేస్తాను. అన్నట్టు నేనెప్పట్నుంచి "మీరు" అయ్యాను? పెళ్ళైన కొత్తలో నా జడ పట్టుకుని లాగినప్పుడు లేని మర్యాద ఇప్పుడెందుకు.

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. ఆదివారం పెరటి పని పడతానన్నావు, ఆదివారం వెళ్ళి మూడు రోజులైంది. నువ్వు ఏ నడుంనొప్పితోనో పడుకుని ఉంటే బాగుండునని కోరుకుంటున్నాను. కోపం తెచ్చుకోకు. ఆ పెరట్లో ఏదీ ముట్టుకోవద్దు. ఎండిన పొద్దుతిరుగుడు తలలు కావాలనే కొయ్యకుండా వదిలాను. గింజలు వాటిలోనే ఉంటాయి. రాలిన ఆకుల కింద పురుగులుంటాయి. గోడవారగా పెరిగిన ముళ్ళకంపలో దాక్కోవడానికి చోటుంటుంది. చలికాలంలో పిట్టలు వచ్చేది వాటికోసమే. పిల్లి వస్తే దూరడానికి కంప లేకపోతే, ఎన్ని గింజలు చల్లినా అవి వాలవు.

నలభై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఊరందరినీ కలిపాను కదా, పిట్టలకి కూడా ఆ పేర్లే పెట్టుకున్నాను. ఎర్రఛాతీది ట్రంకాల్. దూరం నుంచి అరుస్తుంది, బదులు వచ్చేదాకా ఆగుతుంది, మళ్ళీ అరుస్తుంది. నల్ల టోపీ ఉన్నది రాంగ్ నంబర్. వచ్చి, చూసి, "అబ్బే" అన్నట్టు వెళ్ళిపోతుంది. మీ అన్నయ్య పోయాక ఇంట్లో నేను నోరు విప్పేది పొద్దున ఏడింటికి. పెరటి తలుపు తీసి "రండి, లైను ఖాళీగా ఉంది" అంటాను. అవి వస్తాయి. ఆ తర్వాత మర్నాటిదాకా మాటలుండవు.

ఇక్కడ ఒక గొంతు పంతులమ్మ రోజూ వచ్చి "ఆ అనండి, ఊ అనండి" అంటుంది. ఉన్న సగం గొంతునీ ఈ మూడు నెలల్లో పలికించకపోతే అది కూడా బిగుసుకుపోతుందట, ఇక ఎప్పటికీ రాదట. రాకపోతే పోయె. మాట్లాడ్డానికి ఎవరున్నారు కనక? గోడ వైపు తిరిగి పడుకుంటున్నాను.

పెరట్లో చెయ్యి పెట్టావో లేదో వెంటనే రాయి.

వదిన


నవంబరు 17 (ఇది పోస్టు చెయ్యను)

వదినా,

నాకు నడుంనొప్పి రాలేదు. ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టి చీకటి పడేదాకా చేశాను. పొద్దుతిరుగుళ్ళు వేళ్ళతో సహా పీకాను. ఆకులు ఊడ్చి తగలబెట్టాను. ముళ్ళకంప కొట్టించడానికి ఒక మనిషిని పెట్టాను, కొట్టిందంతా బండిలో వేసుకుపోయాడు. చివర్లో రెండు బకెట్ల నీళ్ళు చల్లాను. నువ్వు వచ్చి చూసి, "చిట్టి ఉంటే ఇల్లు అద్దంలా ఉంటుంది" అంటావనుకున్నాను. నిజంగానే అద్దంలా ఉంది. వారంగా ఒక్క పిట్ట కూడా దిగలేదు. పెరటి గోడ మీద పిల్లి ఒకటి దర్జాగా కూర్చుని ఉంది.

ఇది చదివితే నువ్వు ఇంక ఆ గోడ వైపు నుంచి ఇటు తిరగవు. అందుకని పోస్టు చెయ్యడం లేదు.


నవంబరు 17

వదినా,

సరే, ఇక నుంచి నువ్వే. జడ లాగింది నేను కాదు, చిన్నన్నయ్య. నింద మాత్రం నలభై అయిదేళ్ళుగా నేను మోస్తున్నాను.

పెరట్లో చెయ్యి పెట్టలేదు. ఆదివారం నడుం పట్టేసింది. నీ నోటిమాటే, ఎంత బలమైందో చూడు. పొద్దుతిరుగుళ్ళు అలాగే ఉన్నాయి, ఆకులు అలాగే ఉన్నాయి, చీపురు మీదికి చెయ్యి పోతున్నా సరే ముట్టుకోవడం లేదు.

నీ వాళ్ళు వస్తున్నారు. నిన్న ఏడింటికి తలుపు తీసి నువ్వు చెప్పిన మాటే అన్నాను. ముందు రాంగ్ నంబర్ వచ్చింది. నన్ను ఎగాదిగా చూసింది, ఈవిడెవరన్నట్టు. ట్రంకాల్ మాత్రం కంప చివర కూర్చుని చాలాసేపు అరిచింది. నేను బదులు చెప్తే నచ్చలేదు. నీ గొంతే కావాలి దానికి. అంచేత ఆ పంతులమ్మ చెప్పినట్టు ఆ, ఊ అనడం మంచిది.

నీ చిట్టి


నవంబరు 25

చిట్టీ,

నీ ఉత్తరం వచ్చిన రోజు నా పక్క మంచం ఆవిడ, బేకరీ నడుపుతుందిలే, "ఎవరు రాశారు, ఒంటరిగా నవ్వుకుంటున్నారు?" అంది. ఉత్తరం ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ వార్డంతటికీ చదివింది. రాంగ్ నంబర్ నిన్ను ఎగాదిగా చూసిందన్న చోట కిటికీ దగ్గర ముసలావిడ నవ్వి నవ్వి కుట్లు పట్టుకుంది, నర్సు వచ్చి అందరినీ తిట్టింది. ఇప్పుడు పోస్టు వచ్చే వేళకి నాతోపాటు అయిదుగురు తలుపు వైపు చూస్తున్నారు.

ట్రంకాల్ నాకోసం అరిచిందన్నావు. ఆ మాట చదివి దుప్పటి ముసుగేసుకుని ఏడ్చాను. ఎందుకు దాచడం.

మర్నాడు పంతులమ్మ వస్తే ఇటు తిరిగాను. "ఆ" అనబోతే తుప్పు పట్టిన తలుపు తీసినట్టు ఏదో చప్పుడు వచ్చింది. నాకే భయమేసింది. ఆవిడ మాత్రం చప్పట్లు కొట్టింది. రోజుకి రెండుసార్లు చేస్తున్నాను. చాలా నొప్పి. అయినా ఫిబ్రవరికల్లా ఆ నాలుగు మాటలు అనగలిగితే చాలు, చలికాలం పోయేలోగా ఒక్కసారి వాటిని పిలవొచ్చు.

ఇంకా రాయి. ఎన్ని వచ్చాయి, ఎక్కడ వాలాయి, అన్నీ.

వదిన


డిసెంబరు 4

వదినా,

ఇవాళ తొమ్మిది వచ్చాయి. రెండు పొద్దుతిరుగుడు తల మీద తలకిందులుగా వేలాడి గింజలు లాక్కున్నాయి. ట్రంకాల్ బాగానే ఉంది, కాస్త ఒళ్ళు చేసినట్టుంది. ఇంకో కొత్తది వచ్చింది. ఒళ్ళంతా పసుప్పచ్చగా, రెక్కలు నల్లగా, ఎంత అందమో! ఈల వేసినట్టు పాడుతుంది. నీ లిస్టులో దానికి పేరు లేదు. వార్డులో ఓటింగు పెట్టి ఒక పేరు పంపండి.

నా సంగతి రాయడానికేముంది. పొయ్యిలో కట్టెలు వేస్తాను, కుళాయిలు తిప్పి చూస్తాను. మధ్యాహ్నం పోస్టుమాన్ సైకిలు చప్పుడు వినగానే వీధిలోకి వెళ్తాను. ఆయన దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపుతాడు, లేవని. ఆ ఊపే చెయ్యి ఒక్కటే రోజంతటిలో నన్ను పలకరించేది. లాండ్రీలో నా కింద పంతొమ్మిది మంది పనిచేసేవాళ్ళు. రిటైరైన రోజు అందరూ దండలు వేశారు, తరచూ కలుస్తామన్నారు. నేను ఎదురుచూడ్డం ఎప్పుడు మానేశానో కూడా గుర్తులేదు.

సరే, ఏడుపు చాలు. నువ్వు సాధన ఆపకు.

చిట్టి


డిసెంబరు 11

చిట్టీ,

సాధన సాగుతోంది. "రండి" వరకు వచ్చాను. బేకరీ ఆవిడ అర్థమైందంది, మర్యాదకి అందేమో.

ఒక్క సంగతి కనుక్కుందామని రాస్తున్నాను. కుళాయి పక్కన రేగుపొద ఉంటుంది కదా, దాని మీద ట్రంకాల్ ఇప్పటికీ వాలుతోందా? మధ్యాహ్నం ఎండ మొదట అక్కడే పడుతుంది.

వదిన


డిసెంబరు 15

వదినా,

భలేదానివే, అన్నీ గుర్తే నీకు! వాలకేం, రోజూ మధ్యాహ్నం ఆ రేగుపొద మీదే దాని మకాం. నిన్న పసుపుది కూడా వచ్చి పక్కన కూర్చుంది. రెండూ కొట్టుకుంటాయేమోనని చూశాను. కొట్టుకోలేదు.

"రండి" వచ్చిందంటే సగం పనైనట్టే. వార్డు అందరికీ నా నమస్కారాలు.

చిట్టి


డిసెంబరు 20

కుళాయి పక్కన రేగుపొద లేదు. ఎప్పుడూ లేదు. అక్కడ సిమెంటు గచ్చు ఉంది, మీ అన్నయ్య పోయించింది.

ఆ పసుపు పిట్ట చలికి వెచ్చటి చోటికి పోతుంది. చెట్లకి పళ్ళు వచ్చేదాకా ఈ వైపు రాదు. నీ ఉత్తరంలో దాన్ని చూడగానే నాకు అనుమానం వచ్చింది. అయినా నువ్వూ ముసలిదానివే, ఏదో చూసి ఏదో అనుకున్నావేమో, తేల్చుకుందామని రేగుపొద గురించి అడిగాను. పొద్దుతిరుగుళ్ళు లేవు, కంప లేదు, అంతేనా? నువ్వు వెళ్ళిన ఆదివారమే అంతా ఊడ్చిపారేశావు, అంతేనా?

నీకిది కొత్త కాదు. ఏడేళ్ళ నుంచి నాతో ఎందుకు మాట్లాడవని నువ్వు ఒక్కసారైనా అడుగుతావని చూశాను. అడగలేదు. ఇప్పుడు చెబుతున్నాను. మీ అన్నయ్య పోయిన మూడో రోజు నేను నిద్రమాత్ర వేసుకుని పడుకున్నాను. లేచి చూసేసరికి పెరటి తాడు మీద ఆయన చొక్కాలు పన్నెండు ఆరుతున్నాయి. ఆయన చివరగా విడిచి మంచం కింద పడేసిన చొక్కాతో సహా. బస్సు డిపో గ్రీజు వాసన, ఆయన బీడీ వాసన, అన్నీ పోయాయి. నువ్వు ఇస్త్రీ చేసి మడతపెట్టి, "చూశావా వదినా, ఒక్క మరక కూడా లేదు" అన్నావు. నా మొహం చూసైనా నీకు తెలియలేదు. ఆ రాత్రి పన్నెండు చొక్కాలూ ఒక్కొక్కటీ మొహానికి పెట్టుకుని చూశాను. అన్నిటిలోనూ సబ్బే.

ఆయన పోయాక నాకు మిగిలింది ఆ పెరడు. అది కూడా కడిగావు. కడిగి, ఉన్నట్టు నాటకమాడి, నాలుగు వారాలు నాచేత "ఆ, ఊ" అనిపించావు. లేని పిట్టల కోసం నా గొంతు నొప్పి పెట్టుకున్నాను. నిన్న పంతులమ్మకి రావద్దని రాసిచ్చాను.

కుళాయిలు పగిలినా ఫర్వాలేదు. ఉండాలనుంటే ఉండు, పోవాలనుంటే పో.


డిసెంబరు 27

వదినా,

నువ్వు రాసిందంతా నిజం. ఆదివారమే అంతా పీకేశాను. నవంబరు 17న నిజం రాసిన కాగితం ఒకటి ఉంది, దీనితో పాటు పెడుతున్నాను. తేదీ చూడు. ధైర్యం చాలక పోస్టు చెయ్యలేదు. అబద్ధమాడితే నువ్వు ఇటు తిరిగావు, "ఆ" అన్నావు. ఇంక ఆపడం నా చేతకాలేదు. ఇంకో సంగతి, ఇది చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆ పిట్టల్ని రాసేటప్పుడు నాకు కూడా బాగుండేది. ఖాళీ పెరటి వైపు చూస్తూ తొమ్మిది వచ్చాయని రాస్తే, ఆ కాసేపు తొమ్మిది ఉన్నట్టే ఉండేది.

చొక్కాల సంగతి నాకు తెలియదు వదినా. ఒట్టు, తెలియదు. తద్దినాలకి కూడా నన్ను పిలవకపోతే, అన్నయ్య ఉన్నంతవరకే నేను నీకు చుట్టమనుకున్నాను. అడిగితే నువ్వు అవునంటావేమోనని అడగలేదు. నలుగురిలో ఏడవడం నాకు రాదు. ఉతకడం వచ్చు. ఆ రోజు అందరూ గదిలో కూర్చుని ఏడుస్తుంటే నేను పెరట్లో కుళాయి దగ్గర కూర్చుని ఆ గ్రీజు మరకలు రుద్దాను, వేళ్ళ తోలు ఊడేదాకా రుద్దాను. మరక పోతే ఏదో కొంచెం తగ్గుతుందనుకున్నాను. ఒక్కటి నీకోసం వదలాలని తోచలేదు. మా అన్నయ్య వాసన నేను కూడా పోగొట్టుకున్నానని ఇప్పుడు నీ ఉత్తరం చదివితే తెలిసింది.

క్షమించమని అడగను. గొంతు మాత్రం వదిలెయ్యకు. నామీద కోపంతో నీ గొంతు చంపుకుంటే ఎలా? నన్ను తిట్టడానికైనా అది ఉండాలి కదా.

నేను పోవడం లేదు. పొయ్యి వెలుగుతూనే ఉంది.

చిట్టి


జనవరి 14

వదినా,

పద్దెనిమిది రోజులైంది. పోస్టుమాన్ ఇప్పుడు చెయ్యి ఊపడం కూడా మానేశాడు, జాలేసి కాబోలు తల దించుకుని పోతున్నాడు. నువ్వు చదువుతున్నావో చించేస్తున్నావో తెలియదు. అయినా రాస్తున్నాను.

మన ఇంటి వెనక ఖాళీ స్థలంలో ఎండిన కలుపు, విరిగిన కొమ్మలు చాలా ఉన్నాయి. వారం రోజులు అవన్నీ మోసుకొచ్చి గోడవారగా పోగు వేశాను. ఎదురింటాయన ఉండబట్టలేక వచ్చాడు. "ఏమ్మా, అందరూ చెత్త బయట పారేస్తారు, మీరేంటి బయటి చెత్త లోపలికి తెచ్చుకుంటున్నారు?" అన్నాడు. "మా వదిన పెంచుకునే చెత్త ఇది, మీకు తెలీదులెండి" అన్నాను. ఆయన సంచీడు ఎండుటాకులు తెచ్చి గోడ మీంచి గుమ్మరించి వెళ్ళాడు. ఊడవాలని చేతులు లాగాయి, పైట కొంగులో చేతులు చుట్టుకుని కూర్చున్నాను.

రోజూ ఏడింటికి పీట వేసుకుని గుమ్మంలో కదలకుండా గంటసేపు కూర్చుంటున్నాను. పదకొండు రోజులు ఏమీ రాలేదు. ఇవాళ ఒకటి వచ్చింది. ట్రంకాల్ కాదు, రాంగ్ నంబర్ కూడా కాదు. చిన్నది, మట్టిరంగుది, తోక సగం ఊడిపోయి ఉంది. పాడలేదు. నేను వేసిన గింజల వైపు కూడా చూడలేదు. ఆకుల్లో రెండుసార్లు పొడిచి, కొమ్మల పోగులోకి దూరి, బయటికి వచ్చి, పోయింది. నేను ముక్కు తుడుచుకునేంతసేపు కూడా లేదు.

ఇంతే. నమ్మమని అడిగే హక్కు నాకు లేదు.

చిట్టి


జనవరి 21

చిట్టీ,

నమ్మాను. అబద్ధమైతే నువ్వు ఇంత డొక్కు పిట్టని రాయవు. నీ అబద్ధాలన్నీ రంగురంగులవి.

నీ డిసెంబరు ఉత్తరం దిండు కింద పెట్టుకుని ఇన్నాళ్ళు పడుకున్నాను. వేళ్ళ తోలు ఊడేదాకా అని రాసిన చోటు దాటి ముందుకు పోలేక మళ్ళీ మళ్ళీ మొదటికి వచ్చాను. ఆ రోజు నీ చేతుల వంక నేను చూడలేదు చిట్టీ. చొక్కాలనే చూశాను. కోపం పూర్తిగా పోయిందని రాస్తే అది కూడా అబద్ధమే అవుతుంది. కొంచెం ఉంది. దానితోపాటే ఉందాం.

పంతులమ్మని మళ్ళీ పిలిపించాను. నెల రోజులు పోగొట్టుకున్నందుకు బాగా చీవాట్లు పెట్టింది. పోయింది కొంత ఇక తిరిగి రాదంది. ఉన్నది బొంగురుగా, చిన్నగా ఉంటుంది, పక్కనే కూర్చుంటే తప్ప వినపడదు.

ఫిబ్రవరి మూడున పంపించేస్తారు. మధ్యాహ్నం బండికి దిగుతాను. ఆ సరికి నీ సామాను సర్ది, వెళ్ళడానికి సిద్ధమై గుమ్మంలో నిలబడ్డావో, ఊరుకోను. ఇంట్లో రెండో గది ఉంది.

డాక్టరు రోజుకి పది నిమిషాలకి మించి గొంతు వాడొద్దన్నాడు. గొంతు నిక్షేపంలా ఉన్న ఏడేళ్ళూ నీతో మాట్లాడకుండా గడిపాను. ఇక ఆ పది నిమిషాలూ నీకే. పిట్టల్ని నువ్వు పిలుచుకో.

వదిన